వస్తారా అని అడగకుండా అడిగే మనిషి

మానుకోటలో శుభలేఖలు అచ్చువేసేవాళ్లు డజను మంది ఉంటారు. పంచేవాళ్లకూ కొదవ లేదు. కానీ శుభలేఖ అందుకున్న మనిషి వస్తాడా రాడా అన్న సంగతిని ముందే రాబట్టగలిగినవాడు మాత్రం ఒక్కడే. అతని పేరు గుగులోతు కిషన్. బోర్డుల మీద మహబూబాబాద్ అని రాసుకునే ఆ ఊళ్లోనే ఓ సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. సొంతూరు కొత్తగూడ అడవి అంచున ఒక తండా. వయసు నలభై ఏడు. ఆఫీసులో అతను చేసే పని ఏమిటో చెప్పమంటే తోటివాళ్లు తడుముకుంటారు. ఆఫీసు బయట చేసే పని మాత్రం అందరికీ తెలుసు.

దావత్‌కు పిలిస్తే వస్తామనో రామనో జవాబు చెప్పే ఆచారం మన దగ్గర లేదు. పిలవడం పిలిచినవాడి ధర్మం, రావడం రాకపోవడం దేవుడి దయ. మధ్యలో ఆరువందల మందికి ఎసరు పెట్టాల్సినవాడి గతి ఏమిటన్నది ఏ శాస్త్రంలోనూ రాయలేదు. పోనీ ఫోన్ చేసి అడుగుదామంటే అంతకు మించిన అపరాధం లేదు. ‘వస్తున్నరా?’ అంటే రాకపోతే బాగుండునని మన మనసులో ఉన్నట్టు. ‘ఎంతమంది వస్తరు?’ అంటే వాళ్ల ముద్దలు లెక్కపెడుతున్నట్టు. దేవరుప్పుల దిక్కు ఒకాయన తన బావమరిదిని అలాగే సూటిగా అడిగాడు. బావమరిది వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు, మంచినీళ్లయినా ముట్టకుండా లేచి వెళ్లాడు. ఇది జరిగి తొమ్మిదేళ్లు. ఆ అవమానం గురించి చెప్పడానికి ఇప్పటికీ ఊరూరా దావత్‌లకు తిరుగుతున్నాడు. అక్కడ మాత్రం తింటున్నాడు.

కిషన్ విద్యకు విలువ వచ్చింది ఇక్కడే. అతను ఎవరినీ వస్తారా అని అడగడు.

“నమస్తె మామా, మానుకోట నుంచి కిషన్‌ను. బుచ్చిరెడ్డి సార్ ఆఫీసు. మోకాలు ఎట్లున్నది మామా?... అట్లనా, జర పైలం. గా ఫంక్షన్ హాల్ల మెట్లు తొమ్మిదున్నయి. పక్కపొంటి మెట్లు లేని తొవ్వ గూడ ఉందట. కుర్చీ ముందట వెయ్యమంటరా, ఫ్యాను కింద వెయ్యమంటరా?”

“ఫ్యాను కింద వెయ్యి బిడ్డా” అని మామ అంటే ఒక విస్తరి ఖాయం. “మీ అత్తమ్మకు గూడ పక్కకే వెయ్యి” అంటే రెండు. “మెట్లున్నయా... సూద్దాం తియ్యి” అంటే కొట్టివేత. ఎవరి మనసూ నొప్పించకుండా, ఎవరి ముద్దా లెక్కపెట్టకుండా, సాయంత్రానికి కిషన్ చేతి కాగితం మీద ఒక సంఖ్య ఉండేది. ఆ సంఖ్యకూ అసలు వచ్చినవాళ్ల సంఖ్యకూ పదిమందికి మించి తేడా వచ్చేది కాదు.

ఇరవై ఏళ్ల సాధన అది. ‘వస్తం’ అంటే ఆ రోజు అంతకంటే మంచి దావత్ లేకపోతే వస్తారని అతనికి తెలుసు. ‘ఎవలెవలికి చెప్పిన్రు?’ అని అడిగేవాడికి పడని చుట్టం ఒకడుంటాడు, వాడు రాడని తెలిస్తే వస్తాడు. ‘ఏ టైంకు?’ అన్నవాడు వచ్చినట్టే, వాడికోసం ముక్కలు ఎక్కువ వేయించాలి. ఇక ‘తప్పకుండ వస్తం’ అని గట్టిగా అన్నవాడు చచ్చినా రాడు. వచ్చేవాడికి అంత గట్టిగా చెప్పాల్సిన పనేముంది?

ఈ విద్యను మొదట కనిపెట్టినవాడు సూపరింటెండెంటు బుచ్చిరెడ్డి. దేవరుప్పుల దగ్గర పొలాలు, జనగామలో ఇల్లు, మానుకోటలో కుర్చీ ఉన్న మనిషి. కొడుకు విశాల్ పంచెకట్టు నుంచి పెళ్లి దాకా, బిడ్డ పల్లవి చీరకట్టు నుంచి నిశ్చితార్థం దాకా ఆ ఇంటి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది కిషనే.

“నీ గొంతుల ఏదో ఉన్నది కిషనూ” అనేవాడు బుచ్చిరెడ్డి. “నువ్వు అడిగితె ఎవలికీ కోపం రాదు.”

గొంతులో ఏమీ లేదు. బుచ్చిరెడ్డి అడిగితే చుట్టం అడిగినట్టు, చుట్టం మీద అలగవచ్చు. కిషన్ అడిగితే ఎవరూ అడగనట్టే. తలుపు చప్పుడైతే తలుపు మీద ఎవరైనా అలుగుతారా? ఈ సూక్ష్మం కిషన్‌కు తెలియదని కాదు. దాన్ని మెప్పుగా తీసుకోవడానికి ఇష్టపడ్డాడు, అంతే. ఆఫీసులో మిగతా సార్లు కూడా వాడుకోవడం మొదలుపెట్టారు. ఏటా ఇరవై ముప్పై ఫంక్షన్లు. ఫంక్షన్ రోజు అతను గుమ్మం దగ్గర కాగితం పట్టుకొని నిలబడి, వచ్చినవాళ్ల పేర్ల పక్కన టిక్కులు పెట్టేవాడు. చివర్లో జనరేటర్ మనిషితో కలిసి తినేవాడు. సార్లు వెళ్తూ వెళ్తూ భుజం తట్టేవాళ్లు. “మనమంతా ఒక కుటుంబం కిషనూ” అని ఫొటోలు దిగేటప్పుడు తప్ప మిగతా అన్నివేళలా అనేవాళ్లు.

కిందటేడు కిషన్ తండాలో ఇల్లు కట్టాడు. తండ్రి పాత ఇంటి జాగాలోనే రెండు గదుల స్లాబు, ముందు వరండా. ఇంటి దావత్ ఒక ఆదివారం పెట్టుకున్నాడు. తండాలో నలుగురూ కూర్చున్నచోట అన్న సక్రు అడిగాడు:

“ఎవలెవలిని పిలుస్తున్నవురా?”

“మన చుట్టాలందరినన్నా. మా ఆఫీసు సార్లు గూడ వస్తరు.”

“వచ్చి?”

“వచ్చేదేంది? తింటరు.”

సక్రు బీడీ పక్కన పెట్టి మరీ నవ్వాడు. “నీ సార్లల్ల ఒక్కడన్న మన తండల బుక్క తిన్నడారా ఇన్నేండ్లల్ల?”

“నేను పిలువలే, వాళ్లు రాలే. ఇప్పుడు పిలుస్తున్న.”

నలుగురి ముందూ అన్న మాట. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. ఇంటికి రాగానే భార్య తుల్సీబాయి అందుకుంది. ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. తెలుగులోకి తెస్తే కొంత కారం తగ్గుతుంది.

“ఇరవై ఏండ్లు నువ్వు పిలిస్తె వాళ్ల చుట్టాలు వచ్చిన్రు. ఇప్పుడు నీ ఇంటికి పిలువు, ఎవలొస్తరో సూద్దాం. నువ్వు వాళ్లకు మనిషివా, ఫోనువా గప్పుడు తెలుస్తది.”

కిషన్‌కు కావలసిందీ అదే తేల్చుకోవడం. మనిషే అని తేలుతుందన్న ధీమా ఉంది అతనికి.

బిడ్డ ఉమ నర్సింగు చదివింది. ఫోన్లోనే ఆహ్వానం తయారుచేసింది. పైన చనిపోయిన తాత ఫొటో, ఆశీస్సులు అని రాసి. కింద కొత్త ఇల్లు. అన్నిటికంటే కింద, ఎక్కడ నేర్చుకుందో ఏమో, ‘మీ రాకను పదో తేదీలోగా తెలియజేయగలరు’ అని ఒక వాక్యం. ఆఫీసు గ్రూపులో పెట్టారు. అయిదు నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది: ‘ఓం శాంతి’. పెట్టినవాడు ఫొటో తప్ప ఏమీ చూడలేదు. వాడి వెనకే పదకొండు మంది ‘ఓం శాంతి’, నలుగురు దండాలు, ఒకాయన ‘తీరని లోటు’. బుచ్చిరెడ్డి స్వయంగా ‘ఆ కుటుంబానికి భగవంతుడు ధైర్యం ప్రసాదించుగాక’ అని రాశాడు. ఏ కుటుంబానికో ఆయనకూ తెలియదు. పదో తేదీ దాటింది. వస్తామని గానీ రామని గానీ ఒక్కరూ తెలియజేయలేదు.

“నాయినా, గ్రూపుల పెడితె పిలిచినట్టు గాదంట. బొట్టు పెట్టి పిలువాలెనట” అంది ఉమ.

నిజమే. బొట్టు పెట్టని పిలుపు పిలుపు కాదు. కిషన్, తుల్సీబాయి బండి మీద మానుకోటలో పదిహేడు ఇళ్లు తిరిగారు. తుల్సీబాయి ఇంటి ఆడవాళ్లకు బొట్టు పెట్టింది. అందరూ సంతోషించారు. అందరూ చాయ్ ఇచ్చారు. పదిహేడిళ్లలో పదకొండు ఇళ్లవాళ్లు వాళ్లిద్దరికీ పేపర్ గ్లాసుల్లో ఇచ్చారు, తాము స్టీలు గ్లాసుల్లో తాగారు.

“గంత పెద్ద ఇండ్లల్ల రెండు గ్లాసులు ఎక్కువ లేవా?” అంది తుల్సీబాయి బండి మీద వెనక కూర్చొని.

“కరోనా కాన్నుంచి అట్లనే అలవాటైంది.”

“కరోనా అందరినీ ఇడిచిపెట్టి మన దగ్గర్నే ఆగినట్టుంది.”

వారం గడిచింది. ఏ ఇంటి నుంచీ ఉలుకూ పలుకూ లేదు. ఇక తన విద్య తన కోసమే వాడక తప్పలేదు కిషన్‌కు. ఒక సాయంత్రం వరండాలో కూర్చొని మొదలుపెట్టాడు. ముందు బుచ్చిరెడ్డికే.

“నమస్తె సార్. గూడూరు దాటినంక రోడ్డు కొత్తగ ఏసిన్రు సార్, కారు సాఫ్‌గ వస్తది. మీకు నడుం నొప్పి గదా, అందుకే చెప్తున్న.”

“మంచిది కిషనూ, మంచిది. ఇల్లు కట్టినవ్, సంతోషం. అవునుగని, వంట ఎవలిది?”

“మా ఆమెదే సార్. మా వదిన, తండ ఆడోళ్లు అందరు చెయ్యేస్తరు. రెండు యాటలు కోస్తున్నం.”

“ఓహో” అన్నాడు బుచ్చిరెడ్డి. “తప్పకుండ వస్తం కిషనూ.”

కిషన్ ఫోన్ పెట్టేసి దాని వంక చూశాడు. ఇంకో నంబరు నొక్కాడు. ఆ సార్‌కు బీపీ, ఉప్పు తక్కువ వేయించాలా అని అడిగాడు. ఆయన కూడా, “వంట ఎవలు చేస్తున్రు?” అన్నాడు. చెప్పాక, “తప్పకుండ, తప్పకుండ” అన్నాడు. మూడో ఆయన ఘనపూర్ నుంచి బదిలీ మీద వచ్చి ఆర్నెల్లే అయింది. ఆయనైతే, “మేం మొత్తం శాకాహారులం అయిపోయినం కిషన్” అన్నాడు. ముందురోజే క్యాంటీన్‌లో అతని ఎదుట కూర్చొని కోడి కాలు చీకిన మనిషి. చీకటి పడేలోపు పదిహేడు ఫోన్లూ అయ్యాయి. అందరూ అడిగిన ప్రశ్న ఒకటే, ఇచ్చిన జవాబు దాదాపు ఒకటే. ఇరవై ఏళ్లలో బుచ్చిరెడ్డి ఇంటి దావత్‌కు పిలిచినప్పుడు వంట ఎవరిదని అడిగినవాళ్లు లేకపోలేదు. వాళ్లు రుచి కోసం అడిగారు.

తుల్సీబాయి గుమ్మంలో నిలబడి అంతా వింది. “ఎంతమందట?”

కిషన్ కాగితం చూపించాడు. సున్నా.

చివరికి అసలు విషయం బయటపెట్టింది పుష్ప మేడం. సీనియర్ అసిస్టెంటు, కిషన్ పక్క కుర్చీ. మాట కటువు, మనసు అంత కటువు కాదు.

“కిషనన్నా, నాకైతె అసుంటి పట్టింపుల్లేవు. మా అత్తమ్మకే. ఆమె దినాం ఫోన్ల ప్రవచనాలు ఇంటది, అందరిల దేవుడున్నడని కండ్లనీళ్లు పెట్టుకుంటది. తండల తింటనంటె మాత్రం నన్ను ఇంట్లకు రానియ్యది. నువ్వొక పని చెయ్యి. జనగామ శ్యాంను పెట్టు వంటకు. శ్యాం పేరు చెప్తె అందరు వస్తరు.”

“శ్యాం వండితె ఏం మారుతది మేడం? ఇల్లు నాదే గదా.”

“ఇల్లు సూసొచ్చినమంటె ఎవలేమంటరు? మీ చేతి వంట తినొచ్చినమంటెనే లొల్లి.”

జనగామ శ్యాం పెద్దింటి పెళ్లిళ్లకు వంటమాస్టర్. ఆయన కులం ఏమిటో ఎవరూ నోరు తెరిచి చెప్పరు, సార్లు చేతివంట తినగల కులమేనని అందరికీ తెలుసు. కిషన్ ఫోన్ చేశాడు. జనగామ నుంచి కొత్తగూడ అడవి దాకానా అని శ్యాం మొదట నసిగాడు. తర్వాత ఒప్పుకున్నాడు.

“తప్పకుండ వస్తన్నా! నీ ఇంటి దావత్ అంటె నా ఇంటి దావత్” అన్నాడు.

ఆ సంతోషంలో కిషన్ చెవికి ఏమీ తట్టలేదు. వెంటనే పదిహేడు మందికీ మళ్లీ ఫోన్లు కలిపాడు. ఈసారి నడుం నొప్పులు, బీపీలు ఏమీ లేవు. “వంట జనగామ శ్యాంది సార్” అన్నది ఒక్కటే మాట.

“అట్ల చెప్పు మరి!” అన్నాడు బుచ్చిరెడ్డి. “ఏ టైంకు?”

పద్నాలుగు మంది ఏ టైంకని అడిగారు. శాకాహారి అయిపోయినాయన బోటి కూడా ఉంటుందా అని అడిగాడు.

తుల్సీబాయికి ఈ సంగతి చెప్పడానికి కిషన్‌కు రెండు రోజులు పట్టింది. మానుకోటలో ఎంతమంది చుట్టాలనో నొప్పించకుండా నెట్టుకొచ్చినవాడు, సొంత ఇంట్లో మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందు కొత్త స్లాబు గురించి మాట్లాడాడు.

“సూటిగ చెప్పు” అంది తుల్సీబాయి.

చెప్పాడు. సార్లకు వేరే పొయ్యి, టెంటు వెనక. తండావాళ్లకు ఇంటి పొయ్యి.

“నా కొత్తింట్ల మొదటి వంట నేను వండొద్దు. గదేనా?”

“వండొద్దని ఎవలన్నరు? మనోళ్లకు నువ్వే వండు.”

“మనోళ్లు ఎవలు, పైవాళ్లు ఎవలు? నిన్నటిదాక వాళ్లే మనోళ్లంటివి గదా.”

“ఒక్క పూట తుల్సీ. వాళ్లు వచ్చిన్రంటె చాలు.”

“నాయినా,” అంది అక్కడే ఉన్న ఉమ, “వాళ్లు మన ఇంటికి వస్తున్నరా, శ్యాం దగ్గరికి వస్తున్నరా?”

కిషన్ లేచి టెంటువాడికి ఫోన్ కలిపాడు. సక్రుకు తెలిసి, “ఇల్లు మనది, పొయ్యి వాళ్లది. కరెంటు బిల్లు ఎవలిదిరా?” అని తండా అంతా తిరిగి చెప్పాడు.

ఆదివారం వచ్చింది. పొద్దున్నే లంబాడీల గురువు సేవాలాల్‌కు భోగ్ నైవేద్యం పెట్టారు. గొర్రెపోతులు రెండూ కోశారు. ఏడు గంటలకు కిషన్ శ్యాంకు ఫోన్ చేశాడు.

“తొవ్వల ఉన్ననన్నా.”

ఎనిమిదికి: “వచ్చినట్టే అనుకోన్నా.”

తొమ్మిదికి ఫోన్ మోగింది గానీ శ్యాం ఎత్తలేదు. తొమ్మిదిన్నరకు స్విచ్ఛాఫ్. ఎవరో విచారించి చెప్పారు: భూపాలపల్లి దిక్కు ఒక నాయకుడి ఇంట్లో రెండువేల మంది దావత్ అట, శ్యాం ముందురోజే అక్కడికి వెళ్లిపోయాడట. పదిహేడిళ్లకు రెండేసి సార్లు ఫోన్ చేసి, కుర్చీల టెంటువాణ్ణి, మంచినీళ్ల డబ్బాలవాణ్ణి కూడా మర్యాదగా వాకబు చేసిన కిషన్, వంటమాస్టర్ వస్తాడో రాడో ముందుగా కనుక్కోవడం మరిచిపోయాడు. పేరున్నవాడు మాట తప్పడని ఒక భక్తి. ఆ భక్తి అతనికి పేరున్నవాళ్లందరి మీదా ఉండేది.

టెంటు వెనక కోసి పెట్టిన మాంసం, ఖాళీ గంజులు, ఆరిన పొయ్యి. కార్లు వచ్చేది ఒంటి గంటకు. కిషన్ గంజు పక్కనే కూలబడ్డాడు. తుల్సీబాయి వచ్చి చూసింది. తిట్టలేదు. కొంగు నడుముకు దోపుకుంది.

“మసాలా ఎంత తెచ్చినవ్?”

“తుల్సీ...”

“ఉమా, పెద్దమ్మను పిలువు. అల్లం దంచుమను.” గంజు పొయ్యి మీదికి ఎక్కించి, ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది. “వండుత. గని ఎవలు వండిన్రో వాళ్లకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?”

“ముందుగాల చెప్తె వాళ్లు కార్ల నుంచి దిగరు.”

“నేను ముందుగాల అన్ననా?”

“తిన్నంక చెప్త.”

“చెప్పకపోతె ఈ ఇంట్ల నువ్వు తినేది కూడ ఇయ్యాల్నే ఆఖరు” అని గంజులో నూనె పోసింది.

ఒంటి గంటకు నాలుగు కార్లు వచ్చాయి. పద్నాలుగు మంది సార్లు, మేడములు. తండా తండా అంతా బయటికొచ్చి చూసింది. సక్రు బీడీ వెలిగించుకోవడం మరిచిపోయాడు. బుచ్చిరెడ్డి ఇల్లంతా కలియతిరిగి, గోడ తట్టి చూసి, తెచ్చిన శాలువా కిషన్‌కు కప్పాడు. ఫొటోలు తీశారు. టెంటు కింద బల్లలు వేసి మొదటి బంతి సార్లకే వేశారు. తండావాళ్లు వెనక నిలబడి తమ బంతి కోసం చూస్తున్నారు. బగారన్నం, మటన్, బోటి, జొన్నరొట్టె. ఉమ, ఆమె పెద్దమ్మ వడ్డించారు. తుల్సీబాయి పొయ్యి దగ్గరే ఉంది.

మొదటి ముద్దకు మాటలు ఆగిపోయాయి. దావత్‌లో అంతకంటే పెద్ద పొగడ్త ఉండదు. రెండోసారి వడ్డించాక మళ్లీ మొదలయ్యాయి.

“శ్యాం చెయ్యే చెయ్యి” అన్నాడు బుచ్చిరెడ్డి బొమిక లాగుతూ. “ఎక్కడ తిన్నా కండ్లు మూసుకొని చెప్త, ఇది శ్యాం వంట అని.”

“అవును సార్, మసాలా పట్టించుడు అందరితోని గాదు” అన్నాడు శాకాహారి.

“నేర్చుకుంటె వచ్చేది గాదది. పుట్టుకతోని రావాలె. మన ఇండ్లల్ల తరతరాల నుంచి ఉన్న రుచి. వేరేటోళ్లు గివే మసాలాలు ఏసినా ఈ వాసన రాదు, రాసిపెట్టుకో.”

వెనక నిలబడ్డ తండా ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకామె నవ్వు ఆపుకోలేక టెంటు అవతలికి పరుగెత్తింది. సక్రు తమ్ముడి ముఖం వైపే చూస్తున్నాడు. కిషన్ చేతులు కట్టుకొని, శాలువాతో, చెమటతో నిలబడి ఉన్నాడు.

“కిషనూ, శ్యాంను పిలువు ఇటు. నా బిడ్డ పెండ్లికి అడ్వాన్సుగ మాట తీసుకుంట. ఒక ఫొటో గూడ దిగుదం.”

కిషన్ పొయ్యి వైపు చూశాడు. తుల్సీబాయి గంటె పట్టుకొని నిలబడింది. రావడం లేదు, పోవడం లేదు.

“శ్యాం రాలే సార్” అన్నాడు కిషన్. ఫోన్లో మాట్లాడే గొంతే. “రానేలే. వంట మొత్తం తుల్సీబాయిది. మా ఆమెది.”

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్క చెయ్యీ ఆగుతూ వచ్చింది, బంతి ఈ చివర నుంచి ఆ చివర దాకా.

“అరె, దానికేమైంది” అన్నాడు ఒకాయన. “మాకేం పట్టింపుల్లేవు కిషన్.”

“మాకసలు పట్టింపుల్లేవు” అన్నాడు పక్కాయన.

“ఈ కాలంల ఎవలికున్నయి పట్టింపులు?” అన్నాడు శాకాహారి, వేళ్లు విస్తరి అంచుకు తుడుస్తూ.

పట్టింపుల్లేవని అన్నవాళ్లు తొమ్మిది మంది. అన్నాక మళ్లీ ముద్ద ఎత్తినవాళ్లు ఇద్దరు. మిగతావాళ్లు మంచినీళ్ల గ్లాసుల వైపు చూస్తూ కూర్చున్నారు. బంతిలో అందరూ లేచేదాకా ఒకరు లేవకూడదన్న మర్యాద ఒకటి ఉందిగా, దాన్ని మాత్రం అందరూ పాటించారు.

కిషన్ పొయ్యి దగ్గరికి వెళ్లి తుల్సీబాయి చేతిలో గంటె తీసుకున్నాడు. కూర గిన్నె ఎత్తుకొని బంతి మొదటికి వచ్చాడు. శాలువా జారిపోతుంటే తీసి కుర్చీ మీద వేశాడు.

“సార్, ఇంకో రెండు ముక్కలు. తింటరా, తినరా?”

మొదటాయన ఉలిక్కిపడ్డాడు. కిషన్ నోట అలాంటి ప్రశ్న ఆయన ఎప్పుడూ వినలేదు. “కడుపు నిండింది కిషన్.”

“నిండింది అంటె వద్దనా?”

“అంటె... గ్యాసు...”

“తింటరా, తినరా సార్?”

“అదిగాదు... సరె, ఒక్క ముక్క ఎయ్యి.”

వేశాడు. రెండో మనిషి దగ్గరికి వచ్చాడు. సుగర్ అన్నాడాయన. సుగర్‌కు మటన్ మంచిదే సార్, తింటరా తినరా? తింట అన్నాడు. పుష్ప మేడం అడగకముందే విస్తరి ముందుకు జరిపింది. “బొక్కలు ఎయ్యన్నా, మెత్తగున్నయి. మా అత్తమ్మకు నేనే చెప్త, ఏమన్నా అననియ్యి.” శాకాహారి కిందికి చూస్తూ “పెరుగు ఉందా?” అన్నాడు. ఉంది సార్, అది కూడ తుల్సీబాయి తోడేసిందే, తింటరా తినరా? కిషన్ ఆగాడు. ఆయన తినలేదు, కిషన్ కదలలేదు. చివరికి ‘వద్దు’ అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

వెనక తండా మెడలు చాచి చూస్తోంది. నవ్వులు ఎప్పుడో ఆగిపోయాయి.

బంతి నడుమ బుచ్చిరెడ్డి. విస్తరిలో సగం నమిలిన బొమికలు ఆరు. రెండుసార్లు వడ్డించుకున్న గుర్తు. ఆయన కుడిచెయ్యి విస్తరి మీద గొడుగులా పట్టాడు.

“సార్, ముక్కలు. తింటరా, తినరా?”

“ముందుగాలనే చెప్తె అయిపోతుండె గదా కిషనూ” అన్నాడు బుచ్చిరెడ్డి గొంతు తగ్గించి. “మనమంతా ఒకటే. నీకు తెల్వదా?”

“తెలుసుకుందామనే అడుగుతున్న సార్. తింటరా, తినరా?”

“సూద్దాం తియ్యి. ముందుగాల వేరేటోళ్లకు ఎయ్యి.”

“సూద్దాం అంటె గాదు సార్. మా వాళ్ల బంతి ఆగింది.”

గంటెలోంచి ఒక చుక్క కూర బల్ల మీద పడింది. బుచ్చిరెడ్డి దాని వైపు చూశాడు, అటూ ఇటూ కూర్చున్న తన ఆఫీసు వైపు చూశాడు. పుష్ప మేడం బొమికలోంచి మూలగ పీలుస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

“వద్దు” అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఆ మనిషి తరఫున మానుకోట, జనగామ జిల్లాలు రెండూ వాకబు చేసిన కిషన్‌కు ఆయన దగ్గర్నుంచి అందిన మొదటి స్పష్టమైన జవాబు అది. మనసు తేలిక పడినట్టుంది. కోపం కూడా రాలేదు.

“మంచిది సార్. అయితె జర లేవుండ్రి, మా అన్న కూసుంటడు.”

బుచ్చిరెడ్డి లేచాడు. లేవక ఏం చేస్తాడు? సక్రు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఉమ పాత విస్తరి తీసి కొత్తది పరిచింది. సక్రు రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి అన్నాడు: “ఏందిరా, నన్నడుగవా?”

“నువ్వెట్ల తినవో సూస్త” అన్నాడు కిషన్, గంటె నిండా వేస్తూ.